ఎడమకు లాగిన బండి

లారీ టైరును కళ్ళతో చూస్తే సరిపోదు, చేత్తో చూడాలనేవాడు మా అయ్య. టెక్కలి దాటాక హైవే పక్కన ఆయనకో తాటాకు పాక, అందులో గాలి కొట్టే మిషను, పంచర్లు వేసే సరంజామా. నేను ఆ రబ్బరు వాసనలోనే పుట్టి పెరిగాను. పెళ్ళిచూపులనాడు కట్టుకున్న చీర కూడా టైర్ల కంపు కొడుతోందని మా అమ్మ నన్ను తిట్టి చీర మార్పించింది. పెళ్ళికొడుకేమో సొంత మేనత్త కొడుకు, పైగా లారీ డ్రైవరు. ఆయనకు ఆ కంపు కొత్తా ఏమిటి!

కొట్టు వెనక అరిగిపోయిన టైర్ల గుట్ట ఉండేది. బేరాలు లేనప్పుడు అయ్య నన్ను ఆ గుట్ట దగ్గరికి పిలిచేవాడు.

"కళ్ళు మూసుకోయే గుంటా. సెయ్యెట్టు. ఏటి సెప్తందో సూడు."

రెండు అంచులూ అరిగిపోయి మధ్యలో గళ్ళు నిలిచి ఉంటే ఆ బండి తక్కువ గాలితో తిరిగిందని అర్థం. మధ్యలో మాత్రమే అరిగితే గాలి మరీ బిర్రుగా కొట్టించారని. ఒక్క అంచే నున్నబడితే చక్రం ఒరిగి నడుస్తోందని, అక్కడక్కడా గుంటలు పడితే బండి బరువు మోసే కమానో, చక్రం బేరింగో వదులైందని. ఇదంతా కాస్త చూపున్న ఎవరికైనా కనబడుతుంది. కంటికి సులువుగా అందనిది ఇంకొకటి ఉంది. టైరుకు అడ్డంగా చెయ్యి రాస్తే ఒకవైపు నున్నగా జారి, తిరిగొచ్చేటప్పుడు రంపం పళ్ళలా గీరుకుంటుంది. అప్పుడు ముందు చక్రాలు రెండూ నేరుగా చూడటం లేదన్నమాట.

"బండి ముందుకెల్తంది గానీ సక్రాలు ఎటో సూత్తన్నాయి. ఈడ్సుకుంటా పోతన్నాయి పాపం," అనేవాడు అయ్య, అవేవో ప్రాణమున్నవైనట్టు.

నాకు ఒళ్ళు పులకరించేది, నిజం చెబుతున్నాను. అంత లారీ, అంత లోడు, ఒక్కో టైరు నేలకు ఆనేది మాత్రం అన్నం తినే కంచమంత మేర. ఆ కంచమంత చోటే బరువంతా మోస్తుంది, మలుపులన్నీ తిరుగుతుంది, బ్రేకు వేస్తే ఆపుతుంది. ఆపైన ఎక్కడ ఏ కష్టం పడిందో తన ఒంటి మీదే దాచుకుని వస్తుంది. కలకత్తా నుంచి వచ్చే బండీ, మద్రాసు నుంచి వచ్చే బండీ మా పాక ముందు ఆగేవి. డ్రైవరు టీ తాగి వచ్చేలోపు అయ్య చక్రం మీద చెయ్యి రాసి, "ఎడమ ముందు సక్రం బ్రేకు పట్టీసి ఉంటాది, సూయించుకో" అనేవాడు. ఆ డ్రైవర్లు నోళ్ళు తెరిచేవారు. వాళ్ళతోపాటు నేనూ తెరిచేదాన్ని, రోజూ చూస్తున్నా సరే.

పెళ్ళయ్యాక సారెలో చలిమిడి, అరిసెలు, అరటి గెలలతో పాటు అయ్య టైర్ల గాలి కొలిచే గేజీ కూడా పెట్టి పంపాడు. మా అత్త దాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇదేం వెండి సామానో అర్థంకాక దేవుడి గూట్లో పెట్టింది. మా బావ పగలబడి నవ్వాడు. బావ అంటే మా ఆయనే. చిన్నప్పటినుంచీ ఆ పిలుపే, పెళ్ళయినా మారలేదు.

అత్తవారి ఊరు కవిటి అవతల, కొబ్బరితోటల మధ్య. అక్కడ ఎటు అడుగేసినా ఇసకే. తారు రోడ్డు దిగి తోటలోకి వెళ్ళి కాయ ఎత్తుకోవాలంటే లారీ చక్రాలు పీత బొరియ తవ్వినట్టు లోపలికి దిగిపోతాయి. అందుకని ఉద్దానం అనే ఈ తోటల సీమలో డ్రైవర్లందరికీ ఒక అలవాటు. ఇసకలోకి దిగే ముందు టైర్లలో గాలి కాస్త తీసేస్తారు. మెత్తబడిన టైరు వెడల్పయి ఇసక మీద తేలుతుంది. అంతవరకూ తెలివే. తారు రోడ్డెక్కాక మళ్ళీ గాలి పట్టించాలి కదా, అక్కడే బద్ధకం. సుత్తితో టైరును ఒక్కటి కొట్టి, ఆ చప్పుడు విని, "సాల్లే" అనుకుని పలాస దాకా లాగించేస్తారు. వెనక జంట చక్రాల్లో లోపలి టైరుకైతే ఆ సుత్తి దెబ్బ కూడా దక్కదు. చెయ్యి దూరదని దాన్ని దేవుడికే వదిలేస్తారు.

ఇంటి ముందు కొబ్బరిచెట్ల కింద బండి ఆగగానే నేను దేవుడి గూట్లోంచి గేజీ తీసుకుని బయలుదేరేదాన్ని. అంచులు అరుగుతున్నాయని అరిచేదాన్ని. లోపలి టైరు వేడికి పేలిపోతే ఏం చేస్తావని సాధించేదాన్ని.

"మావ నాకు పిల్లనిచ్చీసేడా, టైర్ల ఇనస్పెట్టర్నిచ్చీసేడా?" అనేవాడు బావ. అంటూనే గాలి పట్టించుకుని వచ్చేవాడు. మా కాపురం అలా నడిచింది.

బావకు ఒక అన్న ఉండేవాడు. తోట పని చేసేవాడు. ఆయనకు కిడ్నీల జబ్బు. మా వైపు ఈ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు, ఇంటికొకరున్నట్టే ఉంటుంది. మొదట్లో ఆయనకేమీ నొప్పి లేదు. ఒకరోజు గునపం ఎత్తబోయి దించేసి, "సేతుల్లో సత్తువ నేదురా" అన్నాడు. అంతే. ఆ తర్వాత కాళ్ళు పొంగాయి, ఆకలి పోయింది, విశాఖపట్నం ఆస్పత్రి చుట్టూ తిరగడం మొదలైంది. బావ లారీ లోడు మధ్యలో వదిలేసి కూడా అన్నను తీసుకెళ్ళిన రోజులున్నాయి. ఆయన పోయాక బావ చాలాకాలం ఆ గునపాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ మరుసటేడు, హైవేను నాలుగు వరసలు చేస్తున్న రోజుల్లో, బావ మారిపోయాడు. బండి దిగి నేరుగా వచ్చి మంచం మీద వాలిపోయేవాడు. భుజాలు పట్టమనేవాడు. మంచినీళ్ళ చెంబు ఎత్తితే చెయ్యి వణికేది. దూరపు లోడు వస్తే వద్దనేవాడు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "బండి అమ్మీద్దామనుకుంటన్నాను" అన్నాడు. ఆ బండి కోసం ఆయన పడ్డ పాట్లు నాకు తెలుసు. పిల్లల కంటే ముందు దానికి దిష్టి తీయించే మనిషి.

"నీకేటైనాది బావా? నిజం సెప్పు," అని పట్టుకున్నాను.

కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. అలాగే చెప్పాడు.

"బండి ఎడమకెల్పోతంది. పట్టి ఉంచలేకపోతన్నాను. ఎంత కుడికి లాగినా నా సెయ్యి సాలట్లేదు. అన్నకీ ఇలాగే మొదలైనాది."

ఇంకో ఊళ్ళో అయితే డ్రైవరు ముందు బండిని తిడతాడు, ఆ తర్వాత మెకానిక్కును తిడతాడు, ఆ తర్వాత రోడ్డు వేసినవాణ్ణి తిడతాడు. మా ఉద్దానంలో మగాడు ముందు తన ఒంటినే అనుమానిస్తాడు. అంతమందిని కాటికి మోసుకెళ్ళాక ఇంకేం అనుమానం వస్తుంది!

"మరి రత్త పరీచ్చ సేయించుకోవచ్చు గదా," అన్నాను.

"తెలిసినాక ఏటి సేత్తావు?"

నాకు తిక్క రేగింది. పిరికిపందవన్నాను, పిల్లల మొహం చూడమన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపమంతా పైపైనే, లోపలంతా భయమే.

మర్నాడు పొద్దున్న వాకిట్లో జీడిపిక్కలు ఆరబోశాను. కోళ్ళు వచ్చి కెలుకుతుంటే అదిలించుకుంటూ లారీ ముందు చక్రం దాకా వెళ్ళి, ఆయాసపడి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. అప్పటికి కొన్నాళ్ళుగా నా గేజీ గూట్లోనే ఉంది. మనిషే అలా ఉంటే టైర్ల గోల ఎవరికి పట్టింది? చెయ్యి మాత్రం పాత అలవాటుకొద్దీ టైరు మీద అడ్డంగా కదిలింది. ఏమీ తెలియలేదు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఆ సొన తగిలి నా అరచేతులు మొద్దుబారిపోయాయి. ఎందుకో మణికట్టు తిప్పి, లోపలివైపు మెత్తటి చర్మం ఆనించి రాశాను.

లోపలినుంచి బయటికి నున్నగా జారింది. బయటినుంచి లోపలికి లాగితే సర్రున గీరుకుంది.

మళ్ళీ రాశాను. మళ్ళీ గీరుకుంది. అవతలి చక్రం దగ్గరికి పరిగెత్తాను. దానికీ అంతే. చర్మం మీద ఎర్రటి గీతలు తేలాయి. వంగి చూస్తే లోపలి అంచులు రెండు టైర్లకూ తినేసి ఉన్నాయి. నేను ఆ ఇసకలోనే కూలబడ్డాను. ఓలమ్మో, మనిషి చేతుల్లో సత్తువ తగ్గితే టైరుకు రంపం పళ్ళు మొలుస్తాయా! ఇది బండి జబ్బు. ఎవరికీ చెప్పుకోలేక ఇన్నాళ్ళూ తన ఒంటి మీద రాసుకుని మా వాకిట్లోనే నిలబడి ఉంది. ఆ నల్లటి రబ్బరుకు దండం పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని కూడా తోచలేదు.

బావను లేపి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి టైరు మీద రాయించాను.

"ఇసక్కి అరిగుంటాది," అన్నాడు.

"ఇసక ఒక్క దిక్కుకే గీకుతాదేటి?"

ఆయన ఇంకోసారి తనంతట తానే రాసి చూశాడు. "సక్రాలు తేడాగా ఉన్నాయనుకో. అప్పుడు బండి ఇటూ అటూ ఊగాల. ఇది ఎప్పుడూ ఎడమకే లాగుతంది. అది నా సెయ్యే. నన్ను ఓదార్సకే," అన్నాడు.

డ్రైవరు కదా, ఆ మాటలో నిజముందని నాకూ తెలుసు. నేను దండం పెట్టిన టైరు సగమే చెప్పింది. మిగతా సగం చెప్పగలిగే మనిషి టెక్కలిలో ఉన్నాడు. పిల్లల్ని అత్తకు అప్పజెప్పి బండెక్కి కూర్చున్నాను. దారంతా బావ చేతులే చూశాను. నరాలు ఉబ్బి, వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి. స్టీరింగు కుడికి లాగి పట్టుకునే ఉన్నాడు, ఒక్క క్షణం వదల్లేదు. అది చూడక ఇన్నాళ్ళూ నేనేం చేశానూ అంటే భుజాలు పట్టాను.

అయ్య ముందు అల్లుడి మొహం చూశాడు. తర్వాత టైర్లు చూశాడు. చెయ్యి రాసి, తలాడించి, పాకలోకి వెళ్ళి వలలు అల్లే నైలాను దారం ఉండ పట్టుకొచ్చాడు. భావనపాడు రేవులో కొన్నది, లాగితే సాగదు. దాని ఒక కొస నాకిచ్చి కుడి ముందు చక్రం నడిమధ్య పట్టుకోమన్నాడు. తాను కుడి వెనక చక్రం దాకా వెళ్ళి దాని నడిమధ్య దారం బిగించి అక్కడ ముడేశాడు. అదే దారంతో ఎడమ పక్కకు వచ్చాం. నేను ముందు చక్రం దగ్గర పట్టుకున్నాను, ఆయన వెనక చక్రం దాకా వెళ్ళాడు.

ముడి వెనక చక్రం మధ్యను దాటి అవతలికి పోయింది. రెండు వేళ్ళ మేర దారం మిగిలిపోయింది.

అయ్య ఆ మిగిలిన దారాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని బావకు చూపించాడు. "నీ బండి ఎడమ పక్క పొట్టిదైపోనాదిరా అల్లుడా. కుడి సక్రం ముందుకొచ్చీసింది, ఎడమ సక్రం ఎనకుండిపోయింది. ఎటు పొట్టిదైతే అటే తిరుగుతాది. సూడు మరి!"

బావ దారాన్నే చూస్తున్నాడు.

అయ్య బండి కిందికి దూరాడు. చాలాసేపు ఆయన కాళ్ళే కనబడ్డాయి. బయటికొచ్చాక గుప్పిట తెరిస్తే అందులో నీలం రంగు పోగులు, గ్రీజు పట్టి చిక్కుపడి ఉన్నాయి.

"యాక్సిల్ కుడి కొసన బోల్టుల మద్దె ఇరుక్కున్నాయి. పడవ తాడు గాదేటి ఇది?"

బావ ఆ పోగులు చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా గుర్తొచ్చింది ఆయనకు. వానల్లో తోటలో బండి దిగిపోయింది. లాగడానికి ట్రాక్టరు తెచ్చారు. మా దగ్గర ఏది లాగాలన్నా పడవ తాడే, అంత గట్టి తాడు ఇంకోటి లేదు. కానీ తాడు కట్టడానికి బండి ముందు ఉండాల్సిన కొక్కెం సముద్రపు గాలికి ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయింది. ముందు కుడివైపున గట్టి నేల ఉందని ట్రాక్టరు అటు నిలబెట్టారు. కాయలు ఎత్తేవాళ్ళు కిందికి దూరి, చేతికి దగ్గరగా ఉన్న ముందు ఇరుసుకు, అదే యాక్సిల్‌కు, కుడి కొసన తాడు బిగించేశారు. బావ స్టీరింగు ముందు ఉన్నాడు. "కట్టీసేం మావా, ఎయ్యి" అన్నారు, ఆయన గేరు వేశాడు.

ఆ లాగుడుకు యాక్సిల్ మీద కమాను పట్టీలను పట్టి ఉంచే బోల్టు తెగి యాక్సిల్ వంకరగా జరిగింది. పోతూ పోతూ తాడు రెండు చక్రాలనూ కలిపే రాడ్డును కూడా వంచేసింది. రంపం పళ్ళు వచ్చింది రాడ్డు వల్ల, ఎడమకు లాగింది యాక్సిల్ వల్ల. రెండూ ఒక్క తాడు చేసిన పనే.

బావ ఇంకా నమ్మీ నమ్మనట్టు నిలబడి ఉన్నాడు. అయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు, టైరు మీద వేసినంత జాగ్రత్తగా.

"వానల కాడ నుంచీ ఇంత బండిని, అంత లోడుతోటి, రోడ్డు దిగిపోకుండా సేతుల్తో పట్టి నడిపేవు. సత్తువ నేనోడు సేసే పనేటిరా ఇది?"

బావ మొహం తిప్పేసుకున్నాడు. నేను పాక వెనక్కి, టైర్ల గుట్ట దగ్గరికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

పలాసలో మెకానిక్కు దగ్గర యాక్సిల్ సర్ది, కొత్త బోల్టులు బిగించి, రాడ్డు మార్పించాం. కొక్కెం కూడా కొత్తది పెట్టించాను, దగ్గరుండి మరీ. అంచులు అరిగిన టైర్లను వెనక్కి వేయించి మంచివి ముందుకు తెచ్చాం. టెక్కలి తిరిగొచ్చాక అయ్య దారంతో మళ్ళీ కొలిచాడు, ఈసారి ముడి రెండు పక్కలా సరిగ్గా కూర్చుంది. అయినా ఆయన తృప్తి పడలేదు. "పాత రోడ్డు మీద సూడకు. నీరు దిగిపోడానికి దాని అంచు వాలుంటాది, మంచి బండైనా కాసింత పక్కకెల్తాది. కొత్తగా ఏసిన రోడ్డుంది సూడు, అది సమంగా ఉన్నాది. లోడు నేకుండా ఎల్లండి," అన్నాడు.

కొత్త రోడ్డు నల్లగా మెరుస్తోంది. రెండు పక్కలా జీడితోటలు. ముందు గానీ వెనక గానీ ఇంకో బండి లేదు. బావ మెల్లగా నడుపుతున్నాడు, పాత అలవాటున స్టీరింగును బిగించి కుడికి లాగబోతే బండి కుడికి పోయింది. ఉలిక్కిపడి సరిచేసుకున్నాడు. మళ్ళీ వదులు చేశాడు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు. ఆఖరికి పొయ్యి మీద పెనం వేడెక్కిందో లేదో చూసేటప్పుడు మేం పెట్టినట్టు, రెండు అరచేతులూ స్టీరింగుకు కాస్త పైన గాల్లో పెట్టాడు.

బండి నేరుగా వెళ్ళింది. జీడిచెట్లు పోతున్నాయి, బండి రోడ్డు మధ్యనే ఉంది. ఎవరూ పట్టుకోని అంత పెద్ద లారీ తనంతట తాను తిన్నగా పోతుంటే, పైనెవరో పట్టుకున్నారేమో అనిపించింది నాకు.

"నాను కాదే," అన్నాడు బావ. "నాను కాదే, బండే."

కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి.

"రోడ్డు సూడు బావా! ఏడిస్తే బండాపి ఏడు!" అని అరిచాను, నేనూ ఏడుస్తూనే.

బండి వెనక్కి తిప్పుకుని అయ్యను పాక దగ్గర పలకరించి ఇంటికి బయలుదేరాం. పలాస రాగానే బావ ఇంటి దారి పట్టలేదు. బండిని ఊళ్ళోకి పోనిచ్చి, రక్త పరీక్షలు చేసే చోట ఆపాడు. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని నోరు మూసుకుని వెనకే నడిచాను. ఆ పరీక్షలో ఏ జబ్బూ లేదని తేలింది, అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఊరించడం నాకు చేతకాదు. కానీ ఆ పూట మాకది తెలియదు. భుజాల నొప్పికి కారణం దొరికింది గానీ లోపల ఏముందో ఎవరికి తెలుసు? బావ వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు.

సూది పట్టుకున్న అమ్మాయి ఏ చెయ్యి ఇస్తావని అడిగింది.

బావ చొక్కా చేతులు రెండూ పైకి మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఏదైనా తీసుకో తల్లీ," అన్నాడు. "రెండూ గట్టిగానే ఉన్నాయి."